కొల్లేటి కొలత: జాతీయ దూరసంవేదన వ్యవస్థలో పరిశోధన సమన్వయం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరిమిత వనరులున్న దేశంలో అంతరిక్షసంస్థ పరిశోధనలను ఎలా సమన్వయపరచిందన్న ప్రశ్నకు కొల్లేరు సరస్సు చరిత్ర ఒక సమాధానాన్ని అందిస్తుంది. 1970 నాటి కొబ్బరితోటల ప్రయోగం మొదలు జాతీయ చిత్తడినేలల పటసంపుటి వరకు భారతదేశంలో దూరసంవేదన ఒక సంస్థ పనిగా కాక, అనేక సంస్థల ఉమ్మడి పనిగా ఎదిగింది. ఆ వ్యవస్థ నిర్మాణాన్నీ, కొల్లేటి విషయంలో దాని ఫలితాన్నీ, పరిమితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉపగ్రహ చిత్రం నుంచి శాస్త్రవేత్త వరకు సమన్వయం సఫలమైందనీ, శాస్త్రవేత్త నుంచి గ్రామ భూమి రికార్డు వరకు అది పూర్తికాలేదనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కొల్లేరు, దూరసంవేదన, ఇస్రో, షాద్‌నగర్, కాంటూరు, చిత్తడినేలలు, ఏలూరు.

1. ప్రవేశిక:

కొల్లేరు ఎంత పెద్దది? చూడటానికి ఇది సామాన్యమైన ప్రశ్న. కానీ అధికారిక పత్రాలలోనూ శాస్త్రగ్రంథాలలోనూ దీనికి కనీసం మూడు సమాధానాలున్నాయి. 1999లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం ప్రకారం అది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. 2004లో వెలువడిన ఒక ప్రముఖ ఉపగ్రహ అధ్యయనం ప్రాతిపదికగా తీసుకున్నది 245 చదరపు కిలోమీటర్లు. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున గీసిన గీతను సరస్సు అంచుగా పరిగణిస్తామన్న దానిపై ఆ అంకె ఆధారపడుతుంది.

ఆ గీతకు లోపల ఎవరి చేపల చెరువు ఉన్నది, ఎవరి వరిచేను ఉన్నది, ఎవరి వల ఉన్నది అన్నవి ఏలూరు, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల ప్రజలకు బతుకు ప్రశ్నలు. అందువల్ల కొల్లేటి కొలత కేవలం భౌగోళిక సమస్య కాదు. ఆ కొలతకు ఆధారంగా నిలిచిన శాస్త్రవ్యవస్థ ఎలా ఏర్పడిందో తెలుసుకోవడం చరిత్ర విద్యార్థికి అవసరం.

2. పునాది దశ: తోట నుంచి జిల్లాకు (1962–1976)

1962లో భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘం, 1969 ఆగస్టు 15న ఇస్రో ఏర్పడ్డాయి. 1972లో అంతరిక్ష సంఘం, అంతరిక్ష విభాగం ఏర్పాటయ్యాయి. అదే సంవత్సరం జూలైలో అమెరికా తన తొలి భూవనరుల ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అయితే భారతదేశంలో దూరసంవేదనకు నాంది అంతకు ముందే పడింది. 1970లో పి.ఆర్. పిషరోటి నాయకత్వంలో కేరళలోని కొబ్బరితోటలను హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముపై చిత్రించి, వేరుతెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయత్నం జరిగింది. కెమెరా ఒకరిది, పంట మరొకరిది అయినప్పుడు ఇద్దరూ కలిసి పనిచేయక తప్పదన్న అవగాహన ఈ ప్రయోగంతోనే మొదలయింది.

ఈ అవగాహనకు తెలుగునేలపై తొలి రూపం 1974–75లో అనంతపురం జిల్లాలో కనిపిస్తుంది. ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి అనంతపురంలోనూ, పంజాబులోని పటియాలాలోనూ వ్యవసాయ వనరుల సర్వే ప్రయోగాన్ని నిర్వహించాయి. విమానం నుంచి తీసిన వర్ణపరారుణ చిత్రాలలోని రంగులను పొలంలో నిలబడి పోల్చిచూడటం ఆ ప్రయోగంలోని ముఖ్యాంశం. ఆకాశం నుంచి ఎర్రగా కనిపించేది వేరుశెనగా, మరో పంటా అని తేల్చగలిగినవాడు నేలమీది మనిషే. తరువాతి కాలంలో 'క్షేత్రసత్యం' అన్న భావన ఈ శాస్త్రానికి మూలసూత్రమయింది.

1974లో జాతీయ దూరసంవేదన సంస్థ ఒక రిజిస్టర్డు సంఘంగా హైదరాబాదు కేంద్రంగా ఏర్పడింది. మొదట అది శాస్త్ర సాంకేతిక విభాగం పరిధిలో ఉండి, 1980లో అంతరిక్ష విభాగంలోకి మారింది. 2008లో జాతీయ దూరసంవేదన కేంద్రంగా ఇస్రోలో నేరుగా అంతర్భాగమయింది. 1966లో నెదర్లాండ్స్ సహకారంతో దెహ్రాదూన్‌లో నెలకొల్పిన వైమానిక చిత్రాల శిక్షణసంస్థ కూడా 1976లో ఈ సంస్థలో చేరింది. విస్తీర్ణంలో చిన్నదైన నెదర్లాండ్స్ సర్వేవిద్యలో శిక్షణకేంద్రాన్ని నిర్మించి, ఆ శిక్షణనే తన సహకారంగా అందించింది. అనంతర కాలంలో భారతదేశం అదే పద్ధతిని అనుసరించింది. 1995లో ఐక్యరాజ్యసమితి అనుబంధంగా దెహ్రాదూన్‌లో ఏర్పడిన అంతరిక్షవిద్యా కేంద్రం ఆసియా, పసిఫిక్ ప్రాంతంలోని చిన్నదేశాల ఉద్యోగులకు శిక్షణనిస్తున్నది. సొంతంగా ఉపగ్రహం లేని దేశం కూడా శిక్షణ పొందిన మనుషుల ద్వారా అంతరిక్షశాస్త్రాన్ని వినియోగించుకోగలదన్నది ఈ రెండు అనుభవాల సారం.

3. షాద్‌నగర్: అద్దె చూపు నుంచి సొంత చూపు వరకు

1979లో హైదరాబాదుకు దక్షిణాన షాద్‌నగర్‌లో భూకేంద్రం పనిచేయడం ప్రారంభించింది. మొదట అది అమెరికా ఉపగ్రహాల సంకేతాలను స్వీకరించింది. అదే ఏడాది జూన్ 7న సోవియట్ రాకెట్‌పై భాస్కర–1, 1981 నవంబరులో భాస్కర–2 ప్రయోగాత్మకంగా అంతరిక్షంలోకి వెళ్లాయి. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఐఆర్ఎస్–1ఎ ప్రయోగంతో దేశానికి నిరంతరంగా సొంత చూపు లభించింది. 1982 నుంచి 1996 వరకు జాతీయ దూరసంవేదన సంస్థకు సంచాలకులుగా ఉన్న బి.ఎల్. దీక్షితులు హయాంలోనే ఈ పరిణామం జరిగింది.

ఉపగ్రహం ఎంత సూక్ష్మంగా చూడగలదన్నది కొల్లేటికి నేరుగా సంబంధించిన విషయం. ఐఆర్ఎస్–1ఎలోని మొదటి కెమెరాకు చిత్రంలోని ఒక్కొక్క చుక్క నేలమీద 72.5 మీటర్ల చదరం. రెండవ దానికి 36.25 మీటర్లు. 1995లో ఐఆర్ఎస్–1సి, 1997లో ఐఆర్ఎస్–1డి మోసుకెళ్లిన లిస్–3 కెమెరాకు అది 23.5 మీటర్లకు తగ్గింది. పది హెక్టార్ల చేపలచెరువు మొదటి కెమెరాకు దాదాపు 19 చుక్కలుగా కనిపిస్తే, లిస్–3కు 180 చుక్కలుగా కనిపిస్తుంది. మొదటిది మచ్చ మాత్రమే; రెండవదానిలో చెరువు ఆకారం, గట్టు దిశ, పక్క చెరువుతో ఉన్న సరిహద్దు తెలుస్తాయి. లిస్–3 చిత్రాలతో కొల్లేటిలో చెరువులను ఒక్కొక్కటిగా లెక్కించడం శాస్త్రవేత్తలకు సాధ్యమయింది.

4. సమన్వయ యంత్రాంగం

ఉపగ్రహాన్ని నిర్మించినంత మాత్రాన దాని చిత్రం ఉపయోగపడదు. అడవుల శాఖ, నీటిపారుదల శాఖ, మత్స్యశాఖ, భూగర్భ సర్వే సంస్థ మొదలైనవి తమ తమ పనిలో ఆ చిత్రాన్ని వాడినప్పుడే దానికి ప్రయోజనం. ఈ ఉద్దేశంతో 1980ల తొలి అర్ధభాగంలో జాతీయ సహజవనరుల నిర్వహణ వ్యవస్థ రూపొందింది. ప్రణాళికాసంఘ సభ్యుని అధ్యక్షతన ఒక ప్రణాళికా సమితి, దాని కింద వ్యవసాయం, నీరు, జీవవనరులు – పర్యావరణం, భూగర్భం, సముద్రం మొదలైన అంశాలకు స్థాయీసంఘాలు ఏర్పడ్డాయి. అంతరిక్ష విభాగం నోడల్ సంస్థగా వ్యవహరించింది.

ఇందులోని ప్రధానాంశం స్థాయీసంఘాల అధ్యక్షత. అంతరిక్ష శాస్త్రవేత్తలకు కాక, ఆయా మంత్రిత్వశాఖల కార్యదర్శులకు ఆ బాధ్యత దక్కింది. అడవులను కొలవాలా, చిత్తడినేలలను కొలవాలా అన్న నిర్ణయం పర్యావరణశాఖది; ఎలా కొలవాలన్నది అంతరిక్ష విభాగానిది. పరిశోధనాంశాన్ని ఎంచుకునే అధికారాన్ని వినియోగదారునికి ఇవ్వడం వల్ల, పని పూర్తయ్యాక దాన్ని స్వీకరించే శాఖ ముందే సిద్ధంగా ఉంటుందన్నది ఈ ఏర్పాటులోని తర్కం.

దీనికి తోడు బెంగళూరు, దెహ్రాదూన్, జోధ్‌పూర్, ఖరగ్‌పూర్, నాగపూర్‌లలో ప్రాంతీయ కేంద్రాలు, రాష్ట్రాలలో దూరసంవేదన కేంద్రాలు ఏర్పడ్డాయి. విశ్వవిద్యాలయాల పరిశోధనకు ఇస్రో ప్రాయోజిత పరిశోధన పథకం ఆసరా అయింది. ఖరీదైన ఉపగ్రహం, భూకేంద్రం ఒకేచోట ఉండి, విశ్లేషణ మాత్రం దేశమంతటా విస్తరించేలా ఈ వ్యవస్థ రూపొందింది. డబ్బు తక్కువ, అవసరాలు ఎక్కువ ఉన్న దేశానికి ఇది తగిన పద్ధతి.

5. కొల్లేరు: పటానికి లొంగని నీరు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులూ, అనేక కాలువలూ, మురుగు కాలువలూ దీనిలో కలుస్తాయి. బయటకు పోయే దారి ఒక్కటే – ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. లోనికి వచ్చే దారులు అనేకం, బయటకు పోయే దారి ఒక్కటి కావడంతో వానకాలంలో సరస్సు పొంగి చుట్టుపక్కల పొలాలను ముంచుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. లంకగ్రామాల ప్రజలు, తరతరాలుగా వేటపై ఆధారపడిన వడ్డి కులస్థులు ఈ ఋతుచలనానికి అనుగుణంగా జీవించారు.

భూమి చాలా సమతలంగా ఉండటం వల్ల నీటిమట్టం అడుగు పెరిగితే అంచు మైళ్ల దూరం జరుగుతుంది. 'ఐదో కాంటూరు', 'మూడో కాంటూరు' అన్న మాటలు ఈ ప్రాంతంలో వాడుక భాషలో భాగమైపోవడానికి కారణమిదే. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకు ఉన్న ప్రాంతమే 1999లో అభయారణ్యమయింది. పదడుగుల గీత వరకు లెక్కిస్తే రామ్‌సార్ విస్తీర్ణం వస్తుంది.

1970లలో మత్స్యకారుల, బలహీనవర్గాల సహకారసంఘాలకు చేపలచెరువుల తవ్వకానికి ప్రభుత్వం భూములనిచ్చింది. 1980, 1990లలో బొచ్చె, శీలావతి చేపల పెంపకం లాభసాటి కావడంతో పెట్టుబడి ప్రవేశించింది. సంఘాల చెరువులు లీజుల రూపంలో ఇతరుల చేతుల్లోకి పోయాయి. కొత్త గట్లు సరస్సు మధ్యకు చొచ్చుకుపోయాయి. జిరాయితీ భూములు, సంఘాల భూములు, ప్రభుత్వ భూములు ఒకే గట్ల వరుసలో కలిసిపోయాయి.

6. ఒక చిత్రం ప్రయాణం

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో కొల్లేటిపై ఒక వ్యాసాన్ని ప్రచురించారు. 2001 ఫిబ్రవరి 9న ఐఆర్ఎస్–1డి ఉపగ్రహంలోని లిస్–3 కెమెరా తీసిన చిత్రం దానికి ఆధారం.

ఆ ఒక్క చిత్రం వెనుక ఉన్న సంస్థల వరుస గమనించదగినది. ఉపగ్రహం బెంగళూరులో, కెమెరా అహ్మదాబాదులోని అంతరిక్ష వినియోగ కేంద్రంలో రూపొందాయి. 1997 సెప్టెంబరు 29న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ–సి1 దానిని మోసుకెళ్లింది. రాకెట్ చివరి దశ ఆశించిన వేగాన్ని ఇవ్వకపోవడంతో ఉపగ్రహం వృత్తాకార కక్ష్యకు బదులు దీర్ఘవృత్తాకార కక్ష్యలో నిలిచింది. అయినా దాని చిత్రాలు వినియోగంలోకి వచ్చాయి. షాద్‌నగర్ సంకేతాన్ని స్వీకరించింది. హైదరాబాదు కేంద్రం దానిని సరిదిద్ది పంపిణీ చేసింది. విశాఖపట్నంలోని పరిశోధకులు విశ్లేషించారు. ఇన్ని చేతులు మారిన చిత్రం చివరకు ఒక విశ్వవిద్యాలయపు బల్లమీదికి చేరడమే సమన్వయానికి ప్రత్యక్ష నిదర్శనం.

వ్యాసంలోని ఫలితాలు కలవరపెట్టేవి. సరస్సు లోపల 1,050 చేపలచెరువులు, ఎండిపోయిన మరో 38 చెరువులు కలిసి సుమారు 103 చదరపు కిలోమీటర్లను ఆక్రమించాయి. 245 చదరపు కిలోమీటర్ల ప్రాతిపదికపై ఇది 42 శాతం. వ్యవసాయం మరో 8.5 శాతాన్ని ఆక్రమించింది. అంటే సరస్సులో సగం సరస్సుగా లేదు. మిగిలిన భాగంలో గుర్రపుడెక్క, కిక్కిస వంటి కలుపు కమ్ముకొనగా, తేటనీరుగా వర్గీకరించదగిన చుక్క చిత్రం మొత్తంలో ఒక్కటి కూడా లేదు. ఈ అంకెల ప్రకారం ఒక్కో చెరువు సగటు విస్తీర్ణం సుమారు 9.5 హెక్టార్లు, అంటే 23 ఎకరాలకు పైగా. సన్నకారు మత్స్యకారుని చెరువుకు ఇది తగిన పరిమాణం కాదు. ఉపగ్రహచిత్రం యజమాని పేరు చెప్పదు. కానీ చెరువు పరిమాణం పెట్టుబడి స్వభావాన్ని సూచిస్తుంది.

7. చిత్రానికి కనిపించని గీత

2006లో సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాల నేపథ్యంలో రాష్ట్రప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' నిర్వహించి, ఐదో కాంటూరు లోపలి చేపలచెరువుల గట్లను తెగ్గొట్టింది. 2008లో శాసనసభ అభయారణ్య పరిధిని ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. ఈ వివాదంపై కేంద్రం పి.ఎ. అజీజ్ నాయకత్వంలో కమిటీని నియమించగా, ఐదో కాంటూరునే కొనసాగించాలని ఆ కమిటీ సూచించింది.

ఈ వివాదమంతా రెండడుగుల ఎత్తు తేడా చుట్టూ తిరిగింది. రెండడుగులంటే సుమారు 61 సెంటీమీటర్లు. లిస్–3 వంటి కెమెరా నేలపై ఏమున్నదో చూపుతుంది. నేల ఎంత ఎత్తున ఉన్నదో చూపదు. 2005లో ప్రయోగించిన కార్టోశాట్–1 జంటచిత్రాలతో ఎత్తులను లెక్కకట్టగలిగినా, ఆ లెక్కలోని పొరపాటు అవకాశం మీటర్లలో ఉంటుంది. అందువల్ల మూడో కాంటూరు ఎక్కడ ముగిసి ఐదో కాంటూరు ఎక్కడ మొదలవుతుందో ఆ ఉపగ్రహాలు తేల్చలేవు. దానికి నేలమీద లెవెల్ పరికరంతో చేసే సర్వే గానీ, విమానం నుంచి జరిపే లేజర్ సర్వే గానీ అవసరం. సర్వే రాళ్లు పాతాలి. వాటిని గ్రామపటంలోని సర్వే నంబర్లతో జతపరచాలి.

జాతీయ వ్యవస్థ లోపం ఇక్కడే బయటపడుతుంది. కేంద్ర మంత్రిత్వశాఖల కార్యదర్శులకు స్థాయీసంఘాలలో పీట వేసిన ఆ ఏర్పాటు, సరిహద్దును నిర్ణయించే గ్రామ సర్వేయరుకూ, హక్కును నమోదుచేసే తహశీల్దారుకూ స్థానం చూపలేదు. ఎంత చెరువు ఉన్నదో విశాఖపట్నంలో తేలింది. ఆ చెరువు ఎవరిదో, అది జిరాయితీయా, సంఘానిదా, ప్రభుత్వానిదా అన్నది మండల కార్యాలయంలోని రికార్డులో ఉన్నది. ఈ రెండు పత్రాలు ఒకే బల్లమీదికి రాకపోవడం వల్ల గట్లు తెగినచోట జీవనోపాధి కోల్పోయిన చిన్నవారికీ, లాభం గడించిన పెద్దవారికీ మధ్య తేడా చూపడం కష్టమయింది.

8. పటసంపుటి, న్యాయస్థానం

అహ్మదాబాదులోని అంతరిక్ష వినియోగ కేంద్రం పర్యావరణ మంత్రిత్వశాఖ కోసం చేపట్టిన జాతీయ చిత్తడినేలల పటసంపుటి 2011లో వెలువడింది. 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడినేలలను అది పటాలలో గుర్తించింది. అంతకన్నా చిన్నవాటితో కలిపి దేశంలోని మొత్తం చిత్తడినేలలను సుమారు 1.526 కోట్ల హెక్టార్లుగా, భౌగోళిక విస్తీర్ణంలో 4.63 శాతంగా లెక్కించింది. 2017లో సుప్రీంకోర్టు ఈ 2,01,503 చిత్తడినేలలకు 2010 నాటి నియమావళిలోని నాలుగో నియమపు సూత్రాల ప్రకారం రక్షణ కల్పించాలని ఆదేశించింది. శాస్త్రసంస్థ రూపొందించిన జాబితా న్యాయరక్షణకు ఆధారమైన అరుదైన సందర్భమిది. అయితే జాబితాలో చేరడం వేరు, నేలమీద హద్దు ఖరారు కావడం వేరు. కొల్లేటి అనుభవం ఈ వ్యత్యాసాన్ని ముందే చూపింది.

9. ఏలూరు – తాడేపల్లిగూడెం: సమన్వయానికి స్థానిక వేదిక

2022 ఏప్రిల్ 4న అమల్లోకి వచ్చిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు కొల్లేరు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది. కైకలూరు, మండవల్లి మండలాలు కొత్త ఏలూరు జిల్లాలో చేరడంతో సరస్సులో అధికభాగం ఒకే కలెక్టరు పరిధిలోకి వచ్చింది. రెండు జిల్లాల రికార్డులను పోల్చవలసిన ఇబ్బంది చాలావరకు తొలగింది. ఇది పరిశోధనకు కూడా కలిసివచ్చే మార్పు.

ఈ ప్రాంతంలో విద్యాసంస్థలకు కొదవలేదు. 2015లో తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ప్రారంభమయింది. సమీపంలోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధనసంస్థ ఉన్నాయి. ఏలూరులో 1945 నుంచి సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల నడుస్తున్నది. లెవెల్ సర్వే, నీటి నాణ్యత పరీక్ష, గ్రామపటాల డిజిటలీకరణ వంటి పనులకు కావలసిన విద్యార్థులు, అధ్యాపకులు సరస్సుకు గంట, రెండు గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నారు.

ఈ పని అవసరం ఎంతటిదో 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు స్పష్టమయింది. జాతీయ దూరసంవేదన కేంద్రం ముంపు పటాలను సత్వరమే విడుదల చేసింది. బుడమేటి నీరు చివరకు చేరేది కొల్లేటికే. సరస్సులో నీరు నిలిచే చోటు ఎంత మిగిలి ఉన్నదన్నది పక్షుల సమస్య మాత్రమే కాదు. ఎగువనున్న పట్టణాలకూ, దిగువనున్న పొలాలకూ సంబంధించిన సమస్య.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

• భారత అంతరిక్షసంస్థ పరిశోధన సమన్వయంలో సఫలం కావడానికి ప్రధానకారణం, అంశాన్ని ఎంచుకునే అధికారాన్ని వినియోగదారు శాఖలకు వదిలి, సాధనాన్ని తన చేతిలో ఉంచుకోవడం.

• 1974–75 నాటి అనంతపురం ప్రయోగంలో నేలమీది మనిషికి దక్కిన స్థానం, వ్యవస్థ విస్తరించేకొద్దీ ఢిల్లీ స్థాయి సంఘాలలో తగ్గిపోయింది.

• కొల్లేటిలో ఆక్రమణ పరిమాణాన్ని ఉపగ్రహం స్పష్టంగా చూపింది. కానీ వివాదానికి మూలమైన కాంటూరును, భూమి హక్కును చూపడం దాని శక్తికి మించిన పని.

• ఉపగ్రహపటం, లెవెల్ సర్వే, భూమి రికార్డు – ఈ మూడూ ఒకే గ్రామపటంపై కలిసినప్పుడే శాస్త్రం న్యాయానికి ఉపకరిస్తుంది.

ఆకాశం నుంచి కొల్లేటిని చూడటానికి దేశానికి సుమారు రెండు దశాబ్దాల శ్రమ పట్టింది. ఆ చూపును లంకగ్రామపు సర్వే రాయి వరకు దించడం మిగిలి ఉన్న పని. అది నెరవేరేవరకు కొల్లేరు ఎంత పెద్దదన్న ప్రశ్నకు మూడు సమాధానాలు కొనసాగుతూనే ఉంటాయి. వాటి మధ్యనున్న నేలలో బతికేవారికి మాత్రం ఏ ఒక్క సమాధానమూ భరోసా కాబోదు.